పై పోర్షన్ అడ్రసు

ముప్పయ్యారేళ్లుగా నేను ఊళ్లోవాళ్ల చదువులకు అట్టలు వేస్తున్నాను. యూనివర్సిటీ క్యాంపస్ వెనక గేటు దగ్గర నా బైండింగ్ షాపు. పీహెచ్‌డీ వాళ్లు ఐదేళ్లు, ఎనిమిదేళ్లు కూర్చుని రాసింది తెచ్చి నా బల్ల మీద పడేసి, "అన్నా, రేపటికల్లా కావాలె" అంటారు. కుట్టి, మైదా గంజి రాసి, రెగ్జిన్ అతికించి, ప్రెస్సులో బిగించి, పైన బంగారు అక్షరాలు అద్ది ఇస్తాను. లోపల ఏముందో నాకు తెలియదు. ఏడో తరగతిలో ఆగిపోయినవాడికి తెలియనక్కర్లేదు కూడా. కానీ ప్రతిదాంట్లో ఒక్క పేజీ మాత్రం కూడబలుక్కుని చదువుతాను. కృతజ్ఞతల పేజీ. గైడుకు, గైడు భార్యకు, అమ్మానాన్నలకు, దేవుడికి, టైపు చేసినమ్మాయికి, ఆఖరికి హాస్టల్ మెట్ల మీద పడుకునే కుక్కకు కూడా థ్యాంక్స్ చెప్పినవాడున్నాడు. బైండరుకు చెప్పినవాడు ఇంకా పుట్టలేదు.

ఇద్రీస్ పుస్తకంలోనూ నా పేరు లేదు. ఉప్పలమ్మ పేరుంది. ఉప్పలమ్మ నా భార్య. సంతకం పెట్టమంటే వేలిముద్ర వేసే మనిషి. సూడాన్ దేశంలో భూమి కింది నీళ్ల గురించి రాసిన మూడొందల పేజీల ఇంగ్లీషు పుస్తకంలో, గైడు పేరుకు సరిగ్గా కింద, జొన్నలు ఇచ్చినందుకు ఉప్పలమ్మగారికి, అని ఉంది.

ఆ జొన్నల సంగతి సకల జనుల సమ్మె నాటిది. రెండు వేల పదకొండు. నలభై రెండు రోజులు ఊరంతా ఆగిపోయిన ఆ కాలంలో మా ఇంట్లో మాత్రం ఒకటి మొదలైంది.

సూడాన్ నుంచి పీహెచ్‌డీకి వచ్చిన ఇద్రీస్ అప్పటికి మూడేళ్లుగా నా షాపుకు వస్తున్నాడు. ఆరడుగుల పైన ఉంటాడు, షట్టరు తగలకుండా తల వంచి లోపలికి వచ్చేవాడు. మా హైదరాబాదు ఉర్దూ బాగానే పట్టుకున్నాడు. వద్దనాల్సిన చోట 'నక్కో' అనే అంటాడు. ఆ ఆగస్టులో ఒకరోజు పొద్దున మా అమల అతన్ని ఇంటికి వెంటబెట్టుకొచ్చింది. అమల నా కూతురు, క్యాంపస్‌లో ఎమ్మెస్సీ. తెలంగాణ ఉద్యమం మొదలైన దగ్గర్నుంచి ఆమె ఆర్ట్స్ కాలేజీ ముందే ఎక్కువ ఉండేది, ఇంట్లో తక్కువ. అందుకని మా ఇద్దరి మధ్య మాటలు పొడిపొడిగా ఉండేవి.

"నాయినా, ఇద్రీస్ సార్ ఫ్యామిలీ వస్తున్నది. మన పై పోర్షన్ ఖాళీగనే ఉన్నది గదా," అంది.

"ఖాళీగ ఉంటే? వచ్చినోళ్లకల్లా ఇయ్యాల్నా?"

"ఇయ్యకు. దానికి గూడ అట్టలేసి ప్రెస్సుల బిగిచ్చి పెట్టుకో."

ఇద్రీస్ మా ఇద్దరినీ చూసి, తనవల్లే గొడవ అనుకున్నాడో ఏమో, నెమ్మదిగా చెప్పాడు. "భాయ్, వాళ్లు దిగిన రెండు వారాల్లోపల పోలీసు ఆఫీసులో పేర్లు రాయించాలి. దానికి ఇంటి అడ్రసు కావాలి. పిల్లను బడిలో వేయాలన్నా అడ్రసే అడుగుతున్నారు. హాస్టల్ రూము నడవదు."

"ఎన్ని ఇండ్లు చూసినవ్?"

"ఇరవై ఒకటి. రామంతాపూర్, మౌలాలి, బౌద్ధనగర్. ఫోన్‌లో ఇల్లుంది రమ్మంటారు. నేను గేటు దగ్గరికి పోయేసరికి వాళ్లకు చుట్టాలు దిగిపోయి ఉంటారు."

ఆ మాట కోపంగా చెప్పి ఉంటే నేను కూడా చుట్టాల పేరే చెప్పేవాణ్నేమో. బస్సు లేటయిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. షాపు లెటర్‌హెడ్ తీసి, నా చేత్తో అడ్రసు చీటీ రాసి, రబ్బరు స్టాంపు కొట్టి ఇచ్చాను. ఇంటి నంబరు, వీధి నంబరు, తార్నాక, పై పోర్షన్. నా చేతిరాత బాగుంటుంది. మిగిలిన చదువల్లా అదే కాబట్టి దాన్ని జాగ్రత్తగా వాడతాను.

ఆ చీటీ చూపించి ఇద్రీస్ తన కూతురికి మా వెనక సందులోని బడిలో సీటు సంపాదించాడు. సీటయితే వచ్చింది. బడికే తాళం పడింది. సమ్మె.

*

వాళ్లు దిగిన రోజున తార్నాక చౌరస్తాలో రాస్తారోకో. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చిన టాక్సీవాడు వీళ్లను అర కిలోమీటరు అవతలే దించేసి వెనక్కి తిప్పుకున్నాడు. అమల ఫోన్ చేస్తే నేను వెళ్లాను. వెళ్లేసరికి రోడ్డు మీద వందలమంది పిల్లలు బైఠాయించి ఉన్నారు. డప్పులు, జెండాలు, గులాల్. ఆ జనానికి అటువైపు ఇద్రీస్, అతని భార్య నఫీసా, చేతిలో నాలుగేళ్ల కొడుకు బక్రీ, ఐదు సూట్‌కేసులు. వాళ్ల ముందు పన్నెండేళ్ల పిల్ల తస్నీమ్ నిలబడి ఈ సంబరమంతా కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. ఉన్నట్టుండి చెయ్యెత్తి ఊపింది.

ముందు వరసలో కూర్చున్న కుర్రాడు అటూ ఇటూ చూసి తనూ ఊపాడు. పక్కవాడు ఊపాడు. అట్లా వరసలన్నీ ఊపాయి. డప్పు కొట్టేవాడు దరువు మార్చాడు. ఆ పిల్ల తండ్రిని ఏదో అడిగింది. తర్వాత తెలిసింది, ఇంతమందికి మనం వస్తున్నట్టు ఎవరు చెప్పారు నాన్నా అని అడిగిందట.

"యే దేశం అన్నా మీది?" అని ఒకడు లేచి వచ్చాడు.

"సూడాన్."

"సూడానా? మొన్న జులైలనే రెండైంది గదా. జెర మాకు గూడ చెప్పుండ్రి, ఎట్లయిందో."

"ముందు సూట్‌కేస్ పట్టుకో. తర్వాత చెప్తా," అన్నాడు ఇద్రీస్.

ఐదు సూట్‌కేసులూ ఐదుగురి తలల మీదికి ఎక్కాయి. జనం రెండు పాయలుగా చీలి మధ్యలో దారిచ్చారు. జై తెలంగాణ అని అటూ ఇటూ నినాదాలిస్తుంటే, తస్నీమ్ ఇరుపక్కలకూ తిరిగి థ్యాంక్యూ, థ్యాంక్యూ అంటూ నడిచింది. నా పెళ్లి బరాత్‌కు కూడా అంతమంది రాలేదు.

ఆ సంబరం మా వీధి మలుపు దాకానే. వీధిలోకి తిరిగేసరికి గేట్ల వెనక, కిటికీల వెనక మొహాలు కనపడ్డాయి. ఒక్కరూ చెయ్యి ఊపలేదు.

*

మా వీధిలో పద్నాలుగు ఇళ్లు. కాలనీ సంఘానికి ప్రెసిడెంటు పార్థసారథి, బ్యాంకులో రిటైరైనాయన, తెనాలి వైపు నుంచి వచ్చి ముప్పయ్యేళ్లయింది. సెక్రటరీ కొమురెల్లి, ఆర్టీసీ కండక్టర్, సమ్మెలో ఉన్నాడు. సమ్మె మొదలైన రోజున కొమురెల్లి పోయి పార్థసారథి గేటుకు జై తెలంగాణ స్టిక్కర్ అంటించాడు. పార్థసారథి దాన్ని గోరుతో గీకాడు. సగం గీకేసరికి గోరు విరిగింది. సగం స్టిక్కర్ ఉండిపోయింది, ఇద్దరి మధ్యా మాటలు పోయాయి.

అట్లాంటి వాళ్లిద్దరూ, ఇద్రీస్ వాళ్లు దిగిన పదో రోజున, శుక్రవారం పొద్దున్నే ఒకే కాగితం పట్టుకుని మా గేటు ముందుకు వచ్చారు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

"భిక్షపతీ, సెక్రటరీగారికి చెప్పు, ఆ కాగితం చదవమని," అన్నాడు పార్థసారథి నాతో, కొమురెల్లికి రెండడుగుల దూరంలో నిలబడి.

"ప్రెసిడెంట్ సార్‌కు చెప్పన్నా, నేను చదువుతనే ఉన్నా," అన్నాడు కొమురెల్లి.

పోలీసు స్టేషనుకు అర్జీ. వీధిలో విదేశీయులు దిగారు, వాళ్లెవరో మాకు తెలియదు, మాకు భయంగా ఉంది, విచారించవలసింది. కింద పదమూడు ఇళ్ల సంతకాలు. ఆంధ్రా ఇళ్లు, తెలంగాణ ఇళ్లు, ఒకదాని కింద ఒకటి, చక్కగా వరసలో. రాష్ట్రం సంగతి ఏమోగానీ ఈ ఒక్క విషయంలో మావాళ్లు సమైక్యంగా ఉన్నారు.

"వాళ్లేం చేసిండ్రు?" అన్నాను.

"చేసేదాకా ఆగుతావా? పిల్లలున్న ఇళ్లు. ఆ వంటల వాసనలేవిటో, ఆ మనుషులేవిటో, ఇవాళ నలుగురు, రేపు నలభైమంది దిగుతారు," అన్నాడు పార్థసారథి. "నువ్వు మాకొక మాట చెప్పాల్సింది."

"గిది మాత్రం సార్ కరెక్ట్ చెప్పిండు," అన్నాడు కొమురెల్లి.

"ఆదివారం దాకా చూస్తాం. నీ అంతట నువ్వు ఖాళీ చేయిస్తే సరే. లేకపోతే సోమవారం ఈ కాగితం స్టేషనుకు పోతుంది."

సోమవారమే ఇద్రీస్ వాళ్లను పేర్లు రాయించడానికి తీసుకుపోవాల్సింది. ఈ కాగితం ముందు చేరితే ఆ అడ్రసు చెల్లదు. అడ్రసు లేకపోతే పేర్లు ఎక్కవు. బడి సీటు పోతుంది. ఇద్రీస్ వీళ్లను మళ్లీ విమానం ఎక్కించాల్సిందే. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఏమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

"సరే సార్. ఆదివారం లోపల చెప్త," అన్నాను.

మెట్ల మీద నిలబడి అమల విన్నది. దిగి, చెప్పులేసుకుని క్యాంపస్‌కు పోయింది. తిట్టినా బాగుండేది.

*

ఆ మధ్యాహ్నమే చెప్పేద్దామని పైకి ఎక్కాను. తలుపు తీసే ఉంది. మా ఉప్పలమ్మ నాకంటే ముందే అక్కడ ఉంది. కింద కూర్చుని, చాటలో జొన్నలు పోసుకుని, నఫీసా ముక్కు కింద పెట్టి వాసన చూపిస్తోంది. నఫీసా కళ్లలో నీళ్లు.

"ఎందుకేడుస్తున్నది?" అన్నాను.

"జొన్నలు చూసి. మూడు దినాల సంది పిండి కోసం తిరుగుతున్నదంట, దుకాణాలు బందు. సూపర్‌మార్కెట్ల మైదా జూపిచ్చిండ్రంట. మైదా ఎవడు తింటడు, నువ్వు పుస్తకాలకు పూసేదే గదా," అంది ఉప్పలమ్మ. "వీళ్లు గూడ మనలెక్కనే, జొన్న తినేటోళ్లు. బెండకాయలు ఎండబెట్టి వరుగులు గూడ జేస్తరంట. పెట్టె విప్పి చూపిచ్చింది. అచ్చం మా అమ్మ చేసినట్టు."

ఇద్దరికీ తెలిసిన భాష ఒక్కటీ లేదు. అయినా ఇంత సమాచారం ఎట్లా దాటిందో నాకు అర్థం కాలేదు. నఫీసా నాకేసి తిరిగి, గాల్లో చేత్తో గుండ్రంగా గీసి చూపించింది. పెనం మీద పిండి పలచగా లాగడానికి వాళ్లకు తాటాకు ముక్క ఒకటి ఉంటుందట. అది తేవడం మరిచిపోయిందట. ఎందుకన్నానో తెలియదు, "అట్ట ముక్క నడుస్తదా?" అన్నాను. కిందికి దిగి, కవర్లకు వాడే గట్టి అట్టను అరచెయ్యంత కోసి, అంచులు కత్తితో నున్నగా చెక్కి తెచ్చి ఇచ్చాను. ఖాళీ చేయమని చెప్పడానికి పోయినవాడు చేసిన పని అది.

కిటికీ దగ్గర తస్నీమ్ కొత్త పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. ఏడో తరగతి లెక్కలు. బడి తెరవకముందే మూడు పాఠాలు తనంతట తానే చేసేసింది. నన్ను చూసి ఇంగ్లీషులో అడిగింది. ఆ ముక్క నాకు అర్థమైంది. "అంకుల్, స్కూల్ ఎప్పుడు తెరుస్తారు?"

అరవై తొమ్మిదిలో నేనూ అదే అడిగాను. అప్పుడూ ఉద్యమమే. మా బడి మూతపడింది. నాకు పన్నెండేళ్లు, ఏడో తరగతి. రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మా నాయన, "బడి తెరిచేదాంక ఊకె కూసోకు" అని కోఠీలో ఒక బైండరు దగ్గర పెట్టాడు. ఏడాది గడిచి బడి తెరిచారు. అప్పటికి నాకు కుట్టడం వచ్చింది. కుట్టడం వచ్చినవాణ్ని బడికి ఎవరు పంపుతారు? ఒక్క ఏడాదే కదా, ఏమైతది అంటారు అందరూ. నన్నడగండి, ఏమైతదో. అందుకే అమల జెండా పట్టుకున్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండేది.

"తెరుస్తరు బిడ్డా," అన్నాను. "నీ సీటు యాడికి పోదు."

కిందికి దిగాను. మెట్ల మీద అమల ఉంది.

"చెప్పినవా?"

"చెప్పలే."

"ఎప్పుడు చెప్తవ్?"

"చెప్ప."

"మరి పొద్దుగాల కాలనీవోళ్లకేమని చెప్పినవ్?"

"అబద్ధం చెప్పిన. బైండరు రేపిస్తనంటే నమ్ముతరా ఎవరన్నా?"

రెండేళ్లలో మొదటిసారి అమల నా మాటకు నవ్వింది.

*

చెప్పనన్నానే గానీ, సోమవారం ఆ కాగితాన్ని ఎట్లా ఆపాలో నాకు తెలియదు. ఆదివారం రానే వచ్చింది. ఆ రోజు మా వీధి మొగదల వంటావార్పు పెట్టారు.

సమ్మె రోజుల్లో అదొక పద్ధతి. బండ్లు పోయే రోడ్డు మీద రాళ్లు పేర్చి పొయ్యిలు వెలిగించి, అక్కడే వండి, అక్కడే బంతి సాగించేవాళ్లు. కొమురెల్లి పొద్దున్నుంచే డేగిసాల దగ్గర హడావిడి చేస్తున్నాడు. కిలోల కొద్దీ బగారన్నం, పప్పుచారు. అర్జీ మాత్రం చొక్కా జేబులోనే ఉంది. మడత పైకి కనపడుతోంది. పార్థసారథి ఇంటి గేటుకు లోపల్నుంచి గొళ్లెం. ఆంధ్రావాళ్ల ఇళ్లు నాలుగూ అంతే. ఆ రోజు వాళ్లు కిటికీలు కూడా తెరవరు. తిట్టేవాళ్లెవరూ లేరు, పిలిచేవాళ్లూ లేరు.

"బిక్షపతన్నా, చెప్పినవా మరి?" అని కొమురెల్లి గరిటె తిప్పుతూనే అడిగాడు.

"చెప్పలే. చెప్ప గూడ."

"అట్లంటే ఎట్లనే? రేపు నేను స్టేషన్‌కు పోవాలె గదా."

"పో. బస్సుల్లేవు, నడుచుకుంట పో. సంతకాలు మోసుకుంట."

గరిటె ఆగింది. ఇంకేదో అనబోయాడు. అంతలో వీధిలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

నఫీసా మెట్లు దిగి వస్తోంది. ఒంటి చుట్టూ నారింజ రంగు బట్ట, తల మీద మా ఇంటి పెద్ద ఇత్తడి తాంబాళం, దాని మీద మూతపెట్టిన గిన్నె, పక్కన దొంతరగా పేర్చిన పలచటి జొన్న అట్లు. తస్నీమ్ చేతిలో నీళ్ల జగ్గు. వెనకాల ఇద్రీస్, చంకలో పిల్లాడు. ఏం జరుగుతోందో అతనికీ పూర్తిగా తెలిసినట్టు లేదు.

ఆమె పైనుంచి పొయ్యిలు చూసింది. వాళ్ల ఊళ్లో రోడ్డు మీద పొయ్యి వెలిగిందంటే చావో పెళ్లో అయ్యుండాలట. ఏదైనా సరే, వీధిలో వంట మొదలైతే ప్రతి ఇంటినుంచీ ఒక తాంబాళం రావాలి. ఏ ఇంటి తలుపూ మూసి ఉండకూడదు. మూసి ఉంటే ఆ వీధికి తప్పు. రంజాన్ నెలంతా వాళ్లకు భోజనాలు రోడ్డు మీదేనట, దారిన పోయేవాణ్ని గల్లా పట్టుకుని కూర్చోబెడతారట. ఇది సమ్మె అని, కోపంతో చేసే వంట అని ఆమెకు ఎవరు చెప్పాలి? ఉప్పలమ్మకు చెప్పేంత భాష లేదు. చెప్పేంత భాష ఉన్న అమల పొయ్యి దగ్గర ఉంది. ఇద్రీస్ స్నానం చేసి వచ్చేసరికి తాంబాళం ఆమె తల మీదికి ఎక్కేసింది.

కనుక ఆమె పొయ్యిల దగ్గరికి రాలేదు. నేరుగా పోయి, మూసి ఉన్న పార్థసారథి గేటు ముందు నిలబడింది. సగం స్టిక్కర్ ఉన్న గేటు. గొళ్లెం కొట్టింది.

కొమురెల్లి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. డప్పు కొట్టే పిల్లలు ఆపేశారు. అన్నం ఉడుకుతున్న చప్పుడొక్కటే వినపడుతోంది.

మళ్లీ కొట్టింది. పార్థసారథి భార్య కాత్యాయనిగారు తలుపు ఓరగా తీశారు.

"బువ్వ తిందురు రాండ్రి," అంది నఫీసా.

అచ్చంగా మా ఉప్పలమ్మ గొంతు. ఉప్పలమ్మ నేర్పిన మాటలు మరి. పన్నెండు రోజుల్లో ఆమెకు వచ్చిన తెలుగు అంతే. తాంబాళం తల మీదినుంచి దించకుండా అట్లాగే నిలబడింది. మెడ వణుకుతోంది. బరువుంటుంది ఆ తాంబాళం, మా అత్తగారిచ్చింది.

కాత్యాయనిగారు ఆమెను చూశారు. వీధిని చూశారు. పొయ్యిల వైపు, జెండాల వైపు చూశారు. "ఏవుందందులో?" అన్నారు.

"జొన్నలే కాత్యాయనమ్మా. బెండకాయ వరుగుల పులుసు. నేను దగ్గరుండి చూసిన, నీసు లేదు," అని ఇవతలినుంచి ఉప్పలమ్మ కేక వేసింది.

తలుపు మూసుకుంది. పొయ్యి దగ్గర ఎవరో చప్పరించారు. నఫీసా కదల్లేదు. నాకైతే పోయి ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకురావాలనిపించింది.

తలుపు మళ్లీ తెరుచుకుంది, ఈసారి బార్లా. కాత్యాయనిగారు కొంగు నడుముకు దోపుకుని, మజ్జిగపులుసు గిన్నె రెండు చేతులతో పట్టుకుని బయటికి వచ్చారు. "అంత బరువు మోసుకుంటూ వాకిట్లోకొచ్చి పిలిచిన మనిషిని ఎట్లా పంపించమంటారండీ?" అని లోపలికి వినపడేట్టు అన్నారు. "మీరొస్తే రండి, లేకపోతే పెరుగన్నం ఫ్రిజ్‌లో ఉంది."

పార్థసారథి వచ్చాడు. చేతిలో తన స్టీలు కంచం తనే తెచ్చుకున్నాడు.

నఫీసా మిగిలిన మూడు గేట్లూ కొట్టింది. రెండు తెరుచుకున్నాయి. తెరుచుకోని ఇంటికి నిజంగానే తాళం, ఊరెళ్లారు.

పొయ్యిల దగ్గరికి వచ్చాక తాంబాళం దించబోయింది. గిన్నె పక్కకు జారింది. దగ్గర్లో ఉన్నది కొమురెల్లి. "ఏయ్, కాలుతది, కాలుతది, మసిగుడ్డ ఏది?" అంటూ అటూ ఇటూ చూశాడు. మసిగుడ్డ కనపడలేదు. చటుక్కున జేబులో కాగితం లాగి, రెండు మడతలు విప్పి గిన్నె అంచుకు చుట్టి పట్టుకున్నాడు. పట్టుకుని, పులుసు ఒలకకుండా, పిల్లనెత్తుకున్నట్టు రోడ్డు మీద దించాడు.

నేను చూశాను. పార్థసారథి చూశాడు.

బంతి సాగింది. పార్థసారథికి చోటు కొమురెల్లి పక్కనే దొరికింది. దొరికిందో, ఉప్పలమ్మ అట్లా విస్తళ్లు సర్దిందో.

"సార్, జై తెలంగాణ అన్నోళ్లకే వడ్డిస్తరు," అన్నాడు కొమురెల్లి, ఆయన మొహం చూడకుండా. మూడు వారాల్లో మొదటి మాట.

"అన్నం ముందు కూర్చుని అరవకూడదయ్యా కొమురెల్లీ. వడ్డించు," అన్నాడు పార్థసారథి.

కొమురెల్లి ఒక జొన్న అట్టు తుంచి పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకోటి తుంచాడు. "మా ఆలేర్ల మా నానమ్మ చేసేది గిసొంటిది," అని, నానమ్మ గుర్తొచ్చిందో ఏమో, తల వంచుకుని తిన్నాడు.

పార్థసారథి ఇద్రీస్ వైపు వంగి ఇంగ్లీషులో అడిగాడు. అమల మాకు చెప్పింది. ఆయన అడిగింది ఇది: "మీ దేశం రెండయినప్పుడు, అటువాళ్లు ఇటు మిగిలిపోతే వాళ్లనేం చేశారు?"

మా అందరికీ తెలియాలనేమో, ఇద్రీస్ ఉర్దూలోకి మారాడు. "మా అత్తది, నఫీసా వాళ్లమ్మది, అటువైపు ఊరు. ఇటువచ్చి నలభై ఏళ్లు. ఇప్పుడు ఆమె ఏ దేశపు మనిషో కాగితాలు తేల్చాలంటున్నారు. ఇంకా తేల్చలేదు."

"మరి ఆవిడెక్కడుంది?"

"మా ఇంట్లో. మా అమ్మ దగ్గర. ఈ అట్లు నఫీసాకు నేర్పింది ఆమే."

కొమురెల్లి గరిటె అందుకుని, అడగకుండానే పార్థసారథి కంచంలో బగారన్నం వేశాడు. ఇంకో గరిటె వేశాడు. ఆయన చాలనలేదు.

చేతులు కడుక్కున్నాక పార్థసారథి గొంతు సవరించుకున్నాడు. "ఆ కాగితమేదయ్యా?"

కొమురెల్లి గిన్నె పక్కనుంచి తీసి విప్పాడు. నూనె, పసుపు, మసి. పదమూడు సంతకాలూ ఒకదాంట్లోంచి ఒకటి కనపడుతున్నాయి.

"గిది స్టేషన్ల తీసుకోరు సార్."

"తీసుకోరు. నూనె కాగితం ఎవరు తీసుకుంటారు?"

"మల్ల రాయాల్నా?"

పార్థసారథి కళ్లజోడు తీసి, పైపంచెతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "కళ్లజోడు మార్పించాలి. ఇప్పట్లో నేను రాయలేను. నువ్వు రాస్తావా?"

"నాకు టికెట్లు కొట్టుడే వస్తది సార్, రాసుడెక్కడిది," అని కొమురెల్లి దాన్ని ఉండచుట్టి పొయ్యిలో వేశాడు. నూనె కదా, బాగా మండింది.

*

సోమవారం ఇద్రీస్ ముగ్గురి పేర్లూ రాయించి వచ్చాడు. నా చీటీ చూసి అక్కడి ఉద్యోగి, "ఎవరు రాసిండ్రు, అక్షరాలు ముత్యాల్లెక్క ఉన్నయ్" అన్నాడట. ఇద్రీస్ ఆ మాట నాకు మూడుసార్లు చెప్పాడు. నేనే మళ్లీ మళ్లీ అడిగాననుకోండి.

వీధి మారిపోయిందని చెప్పను. కాత్యాయనిగారికి ఇప్పటికీ ఆ వాసన పడదు. కానీ వాసన వస్తే కిటికీ మూసుకుంటారు, అర్జీ రాయరు. కొమురెల్లి, పార్థసారథి మాట్లాడుకోవడం మొదలెట్టాక రోజూ పోట్లాడుకున్నారు, రాష్ట్రం గురించే. మధ్యలో నన్ను పెట్టుకోకుండా, నేరుగా. నాకు ఒక పని తగ్గింది. సగం స్టిక్కర్ అట్లాగే ఉండిపోయింది. గీకడానికి ఆయనకూ, కొత్తది అంటించడానికి ఇతనికీ తీరలేదు.

అమల ఉద్యమానికి పోతూనే ఉంది. ఒకరోజు పోతూ పోతూ, "షాపుకాడ మంచినీళ్లు పెట్టు నాయినా, పిల్లలు ఎండల కూసుంటున్నరు" అంది. రెండు కుండలు పెట్టాను. తిట్టుకుంటూనే పెట్టాను.

అక్టోబరు చివరికి సమ్మె విరమించారు. బడి తెరుస్తున్నారని తెలిసిన సాయంత్రం తస్నీమ్ నోట్‌బుక్కులన్నీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది, అట్టలు వేయమని. బ్రౌన్ పేపరు చాలు వాటికి. నేను నీలం రెగ్జిన్ తీశాను, పీహెచ్‌డీ వాళ్లకు వేసేది. అక్షరాలు ఒక్కొక్కటే తిరగేసి పేర్చి, వేడి చేసి, బంగారు రేకు పరిచి అద్దాను. అప్పటిదాకా ఎన్ని వందల పేర్లు అద్దానో. డాక్టరేట్ల పేర్లు, గైడుల పేర్లు. ఒక ఇంటి నంబరు అద్దడం మాత్రం అదే మొదలు.

మర్నాడు పొద్దున గేటు ముందు వీధి సగం పోగైంది. కాత్యాయనిగారు జడ సరిచేశారు. కొమురెల్లి డ్యూటీకి పోతూ యూనిఫాంలోనే ఆగాడు. "ఏదీ, ఇటియ్యి బిడ్డా," అని పై పుస్తకం తీసుకుని, టికెట్ చూసినట్టు అటూ ఇటూ తిప్పి, గట్టిగా చదివాడు. తస్నీమ్ ఇద్రీస్. ఏడో తరగతి. ఇంటి నంబరు, వీధి నంబరు, పై పోర్షన్, తార్నాక.

"బంగారమా అన్నా ఇది?" అన్నాడు నాతో.

"బంగారమే. గీకితె పోదు," అన్నాను పార్థసారథికి వినపడేట్టు.

ఆ పిల్ల పుస్తకం తీసుకుని సంచిలో పెట్టుకోలేదు. అక్షరాలు బయటికి కనపడేట్టు గుండెలకు పట్టుకుని వెనక సందులోకి నడిచింది. మలుపు దగ్గర ఆగి, మా అందరికేసి తిరిగి చెయ్యి ఊపింది.

ఈసారి వీధంతా ఊపింది. నేను కూడా.